అసలు రంగు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల
రంగులు కలిపే మిషన్ నాది.
తెల్ల బకెట్ మూత తీసి కింద పెడ్తే
నల్ల చుక్క, ఎర్ర చుక్క, పసుపు చుక్క
లెక్క తప్పకుంట పడ్తయి.
ఒక్క చుక్క ఎక్కువ పడ్డదా,
వెనకకు తీసే మిషన్ ఇంకా పుట్టలేదు.
ఆ బకెట్ పక్కకు పెట్టుడే.

పద్నాలుగేండ్ల సంది చూస్తున్న.
తెలుపులనే అరవై తెలుపులుంటయి.
పెరుగు, సున్నం, మొగిలిరేకు, కడిగిన బియ్యం.
పక్కపక్కన పెడ్తే తప్ప
ఏది ఎంత తెలుపో నాకే తెల్వది.
వచ్చిన గిరాకి మాత్రం ఒక్కటే అంటడు:
"ఇంకో షేడ్ తగ్గియ్యి భాయ్."
తగ్గిస్త.
గోడలే కద, నొచ్చుకోవు.

ఇంటికొచ్చి టర్పెంటైన్‌తోని
నా చేతుల రంగు వదిలించుకుంటుంటే
పక్కన్నే సుగుణ
నిమ్మచెక్కతోని బిడ్డ మోచేతులు రుద్దుతుంటది.
ఒక్క బాత్‌రూంల రెండు వాసనలు.
"మంటయితుందమ్మా" అంటది లహరి.
"మంటయితెనే పట్టినట్టు" అంటది వాళ్లమ్మ.
నేను గోర్ల సందుల చూసుకుంట.

శుక్రవారం పొద్దుగాల కోరుట్ల నుంచి మా అమ్మ వీడియో ఫోను.
ఫోను మోగకముందే సుగుణ
కుర్చీని ట్యూబులైటు కిందికి జరుపుతది,
పిల్ల గడ్డం పట్టి పైకెత్తుతది.
అయినా అమ్మ మొదటి మాట అదే:
"పిల్ల మల్ల కమిలింది కదరా, తిండి పెడ్తలేరా?"
తిండికీ రంగుకూ ఏం సంబంధమో
ఇన్నేండ్లల్ల నేనూ అడగలే.

పన్నెండేండ్ల పిల్ల
స్కూలు బస్సు వచ్చేదాక
కరెంటు స్తంభం నీడల నిలబడ్తది.
నీడ సన్నగుంటది.
పక్కకు తిరిగి నిలబడ్తది.
ఈతకు పేరిచ్చి మల్ల తీయించుకున్నది.
జలుబన్నది. మేము సరే అన్నం.
మే నెలల జలుబు.

వీసా రెన్యువల్‌కు ఫోటో కావాలంటే
రోలాల నౌషాద్ స్టూడియోకు పోయినం.
కంప్యూటర్ల దాని ముఖం పెద్దగ తెరిచి
"సాఫ్ చెయ్యాల్నా?" అని హిందీల అడిగిండు.
నేనూ హిందీలనే అన్న: "థోడా."
బిడ్డకు తెల్వదన్నట్టు.
క్లాసుల హిందీకి దానికే ఫస్టు మార్కులు.

మౌసు నుదుటి మీద నడిచింది,
చెంపల మీద నడిచింది.
కంటి కింది పుట్టుమచ్చ, అచ్చం మా అమ్మదే,
దాన్ని సుత మరక అనుకొని తుడిచింది.
కోరుట్లకు పంపితే అమ్మ అన్నది:
"ఇగ ఇప్పుడు నా మనుమరాలు లెక్కున్నది."

వారం తిరగకముందే అప్లికేషన్ తిరిగొచ్చింది.
కౌంటర్ల నల్ల అబాయా ఆమె
ఫోటో చూసింది, లహరిని చూసింది,
మల్ల ఫోటో చూసింది.
"యే కౌన్ హై?"
నేను మాటలు దేవులాడుతున్న.
లహరి చెప్పింది,
ఆనాడు నా గొంతు ఎంతుండెనో అంతే గొంతుతోని:
"మై హూఁ. థోడా సాఫ్ కియా."

ఆమె నవ్వలే.
అసలు రంగుతోని తీస్కరమ్మన్నది.
ఎవరి అసలు రంగు బయటపడ్డదో
ఆమెకేం తెలుసు.

మల్ల నౌషాద్. మల్ల పదిహేను దిర్హాములు.
"ఏం చెయ్యకు" అన్న గట్టిగ, తెలుగుల.
వానికి అర్థం కాలే.
అర్థం కావాల్సిన పిల్ల
అద్దంల జడ సర్దుకుంటుండె,
ఇటు చూడలే.

కార్డు వచ్చింది. ముఖం ఉన్నట్టే ఉన్నది.
సుగుణ నిమ్మకాయలు తెచ్చుడు బందు పెట్టలే,
తగ్గించింది.

నిన్న రాత్రి స్కేలు కోసం
లహరి జామెట్రీ బాక్సు తెరిచిన.
వృత్తలేఖిని కింద
పాత ఫోటో, ఆ తెల్లది.
కంటి కింద, ఉండాల్సిన చోటనే,
నల్ల పెన్నుతోని పెట్టిన
ఒక్క చుక్క.

స్కేలు మర్చిపోయి బాక్సు మూసిన.